రెండు పడవల్లో ఆమె చోటు

నళిని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే రామమోహన్ వచ్చి పళ్ళెం పక్కన రెండు నున్నటి కాగితాలు పెట్టాడు. ఒక్కోదాని మీద ఒక్కో అల్యూమినియం పడవ. వెండి రంగు ఒళ్ళు, వెనక నల్లటి ఇంజను, లోపల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఎవరో కుటుంబం. ఆదివారాలు ఇంట్లో పడి ఉండటమే అవుతోందనీ, పడవ ఉంటే తాపీ నదిలో సముద్రం మొగ దాకా అందరూ సరదాగా తిరిగి రావచ్చనీ చెప్పాడు. "ఈ రెండింట్లో ఏది కొనాలో నువ్వే చెప్పు," అన్నాడు. అని ఊరుకోకుండా ఒక చిక్కుడుకాయ తీసుకుని తనే ఈనె లాగాడు. ఆ ఈనె లాగడం చూశాకే ఆమెకి అనుమానం మొదలైంది.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అతను ఆమెని ఏదైనా ఎంచమని అడిగింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అడిగిన ప్రతిసారీ దాని వెనక ఒక తద్దినం ఉంది. సూరత్ వచ్చిన కొత్తలో అడాజన్‌లో ఇల్లు చూద్దామా, వేసులోనా అని అడిగాడు. వేసు అంది. ఆ భవనంలో లిఫ్టు నెలకోసారి ఆగిపోతుంది, అత్తగారు మెట్లెక్కి ఆయాసపడుతుంది, కొడుకు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, "నళిని ముచ్చటపడింది కదమ్మా," అంటాడు. కూతురు శ్రీప్రియ స్కూలూ అంతే. మార్కులొస్తే అది వాళ్ళ నాన్న పోలిక, తగ్గితే అమ్మ ఎంచిన స్కూలు. ఇంట్లో మంచివన్నీ వాటంతట అవే జరుగుతాయి, చెడ్డవాటికి మాత్రం ఎంచినవాళ్ళు ఒకరుండాలి. అందుకని ఆ రెండు కాగితాలనూ ఆమె పడవల కోసం చదవలేదు. ఎక్కడ మెలిక ఉందో చూడటానికి చదివింది.

అనుమానపడటం ఆమె వృత్తి కూడా. నళిని మత్తు డాక్టరు. కత్తి పట్టేవాడి చూపు ఎముక మీద ఉంటే, ఆమె చూపు మనిషి మీద ఉంటుంది. తెర మీద అంకెలు మరీ ముచ్చటగా కనిపిస్తే వైరు ఊడిందేమోనని చెయ్యి పెట్టి చూసుకుంటుంది. వారంలో ఆరు రోజులు, ఎముకల సర్జనైన భర్త ఆసుపత్రిలోనే పని. అక్కడ ఆమెకి గదీ లేదు, గుమ్మం మీద పేరూ లేదు, ఇంటి మనిషికి అవన్నీ ఎందుకంటాడు. ఆమె సరేననక ముందే కత్తి పెట్టేస్తాడు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ రెడీగానే ఉంటుంది," అంటాడు. కోలుకున్న రోగి దండం పెట్టి వెళ్ళేది అతనికే. ఆ దండాల మీద ఆమెకి ఆశ లేదు కానీ, తనని అడక్కుండా కోత మొదలైన ప్రతిసారీ ఒళ్ళు మండేది. మండినా గొట్టం పట్టుకున్న చెయ్యి కదలకూడదు కనక కదిలేది కాదు.

ఏడాదిగా ఆదివారాలు ఆమె ఊరవతల కామ్‌రేజ్ వెళుతోంది. అక్కడ డాక్టర్ రాజమౌళి అని జగిత్యాల ఆయన ఒక చిన్న ఆసుపత్రి నడుపుతున్నాడు. సూరత్ శివారు ఉన్ వైపు నుంచీ మగ్గాల పనివాళ్ళు అక్కడికే వస్తారు. రాజమౌళి కత్తి చేతిలోకి తీసుకుని ఆగుతాడు. "మేడం, మొదలుపెట్టాల్నా?" అంటాడు. ఆమె తెర చూసి, రోగి మొహం చూసి, ఒక్క క్షణం ఎక్కువే తీసుకుని, పెట్టండి అంటుంది. ఆ క్షణం కోసమే ఆమె పొద్దున్నే లేచి, ఇంటిల్లిపాదికీ ఉప్మా చేసి, మధ్యాహ్నానికి పప్పూ కూరా దించి, కారు తాళాలు తీసుకునేది. ఇంట్లో వాళ్ళ భాషలో దాని పేరు "నళిని ఆదివారం తిరుగుడు".

కాబట్టి పడవ, ఆదివారం అనే రెండు మాటలు ఒకే వాక్యంలో వినబడగానే ఆమె చెవులు నిక్కాయి. అయితే రామమోహన్ కామ్‌రేజ్ ఊసే ఎత్తలేదు. ఆ వారమంతా వింతగా మెత్తబడ్డాడు. కాఫీ కప్పు తనే సింకులో పెట్టాడు. నీ ఇష్టం, నువ్వు చదువుకున్నదానివి, అంటూ తిరిగాడు. ఇంకెవత్తెనైనా చూసుకున్నాడేమో అని కూడా ఒకసారి అనుకుని, అంత తీరిక ఎక్కడేడ్చింది అని తనే నవ్వుకుంది. ఈ మెత్తదనం కింద ఏదో ఉంది. అదేమిటో ఆమెకి తెలియలేదు.

తెలియనిది తెలుసుకోవడానికి ఆమెకి వచ్చిన దారి ఒకటే, చదవడం. రెండు పడవలకీ అడుగు లోతుగా, ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది. పరుగు మీద ఉన్నప్పుడు నీళ్ళని చీల్చుకుంటూ పోతుంది, అల మీద పడ్డా నడుం అదరదు. ఆగినప్పుడు మాత్రం అటూ ఇటూ ఒరిగిపోతుంది. చిన్నది పద్దెనిమిది అడుగులు, తేలిక, కారు వెనక కట్టి లాక్కుపోవచ్చు. పెద్దది ఇరవై ఒకటి, మందం రేకు, ముందు గాలి అద్దం, ఎత్తు అంచులు. ఆగితే ఒరుగుతుందన్న సంగతి భర్తకి చెబితే, "చూశావా, అందుకే నిన్ను అడిగేది," అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూడా ఆమెకి నచ్చలేదు.

శనివారం మధ్యాహ్నం, పోటు మీద నీళ్ళు నిండుగా ఉన్న వేళ చూసి, అందరూ హజీరా వైపున్న ఒక ప్రైవేటు జెట్టీకి వెళ్ళారు. అందరూ అంటే రామమోహన్, అత్తగారు, మరిది సుజిత్, అతని భార్య చిట్టి, శ్రీప్రియ, నళిని. పడవలమ్మే సురేశ్ భాయ్ ముందు చిన్నదాన్ని చూపించాడు. ఐదు సీట్లు, ఐదుగురూ కూర్చున్నారు, అతను స్టీరింగు దగ్గర నిలబడి నడిపాడు. నళిని జెట్టీ మీద నిలబడి అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కాసింది. పడవ వెళ్ళి తిరిగి వచ్చింది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. అమ్మా, ఏక్‌దమ్ మస్త్ ఉంది, నువ్వు మిస్సయ్యావు, అంది కూతురు.

పెద్దదాంట్లోనూ మెత్తలున్న సీట్లు ఐదే. ఆరోది వెనక ఐస్ పెట్టె. మూత మీద పల్చటి దిండు కట్టి ఉంది. ఎవరూ ఆమె వంక చూడలేదు, ఐదుగురూ ఐదు సీట్లలో సర్దుకున్నారు. నళిని వెళ్ళి పెట్టె మీద కూర్చుంది. మరిదికి మంచినీళ్ళు కావలసి వచ్చింది, లేచింది. చిట్టికి చల్లటి డ్రింకు కావలసి వచ్చింది, లేచింది. సురేశ్ భాయ్ నది మొగ దగ్గర ఇంజను ఆపగానే పడవ ఒరగడం మొదలుపెట్టింది, అత్తగారు కడుపు పట్టుకుంది. మూడోసారి లేచిన నళిని ఒక చేత్తో కవరు, ఒక చేత్తో ఆవిడ నుదురు పట్టుకుని నిలబడింది. మిగతావాళ్ళు దూరంగా పోతున్న ఓడని ఫోటోలు తీస్తున్నారు. "పెద్దదే బాగుంది. అమ్మకి ఏమైనా అయినా పక్కనే డాక్టరుంటుంది," అన్నాడు రామమోహన్, పెద్ద కొడుకు హోదాలో.

ఒడ్డుకి చేరి ఆమె చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. రాజమౌళి. ఇబ్బంది పడుతూ మాట్లాడాడు. "మేడం, సార్ మొన్ననే ఫోన్ చేసిండు. వచ్చే నెల నుంచి ఐతారం మీరు రారన్నడు. రేపటి సంగతి మాత్రం చెప్పలే. జర రేపు గిట్ల వస్తరా, వేరేటోళ్ళను చూసుకోవాల్నా?"

ఆమె కొళాయి కట్టేసింది. ఐదు నిమిషాల్లో చెబుతానని పెట్టేసింది.

మత్తు డాక్టర్ల విషయం సర్జన్లు ఒకరితో ఒకరు ఫోన్లో తేల్చుకోవడం ఆ వృత్తిలో ఉన్న ఆనవాయితీయే. రేపు మీ వాణ్ణి నాకు పంపు, ఎల్లుండి నా వాణ్ణి నీకు పంపుతా అంటారు. పంపబడే మనిషికి చివర్న చెబుతారు. పెళ్ళాం అయినంత మాత్రాన నళినికి అందులో మినహాయింపు దొరకలేదు.

రామమోహన్ దగ్గరికి వెళ్ళి అడిగింది. అతను తడబడలేదు. అదే ఆమెని ఎక్కువ కోసింది.

"సర్జన్లం మేం మాట్లాడుకుంటాం, అది నీకు కొత్తా? ఆదివారమన్నా ఇంటిపట్టున ఉంటావనే ఇదంతా. నీకోసమే కొంటున్నాను."

"నన్ను ఒక్క మాట అడగవచ్చు కదండీ."

"అడగలేదా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వారం నుంచీ పడవ ఏదో నిన్నేగా అడుగుతున్నాను."

అప్పుడు ఆమెకి ఈనె తీయడం దగ్గర్నుంచి అంతా అర్థమైంది. మెలిక పడవల్లో లేదు. పడవ ఏదని అతను వంద సార్లు అడిగింది, ఆదివారం ఎవరిదని ఒక్కసారీ అడక్కుండా ఉండటానికే. చిన్నదంటే చిన్నది ఎంచినట్టు, పెద్దదంటే పెద్దది ఎంచినట్టు. రెండింట్లో ఏది అన్నా కామ్‌రేజ్ మానేయడం తనే ఎంచినట్టు. రేపు ఎవరైనా అడిగితే, నళినే ముచ్చటపడింది అంటాడు. వారం రోజులుగా తను ఏదో పెద్ద కుట్ర ఉందని తవ్వింది. అతని మొహంలో కుట్ర కూడా లేదు, ఆమెకి ఏది మంచో తనకి తెలుసునన్న ధీమా తప్ప. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, వచ్చి, ఎక్కడికీ పోకుండా చల్లగా కూర్చుంది.

సురేశ్ భాయ్ బుకింగ్ కాగితం, పెన్నూ పట్టుకుని నిలబడ్డాడు. సుజిత్ పెద్ద పడవ అంచు నిమురుతున్నాడు. అత్తగారు కుర్చీలో తేరుకుంటూ, కానియ్యి అమ్మాయ్, ఎండగా ఉంది, అంది. మేడం ఏది చెబితే అదే, అని రామమోహన్ సురేశ్ భాయ్‌తో అందరికీ వినబడేలా అన్నాడు.

నళిని ముందు ఫోను తీసింది. "రాజమౌళి గారూ, రేపు ఏడింటికల్లా వస్తాను. వచ్చే నెలా వస్తాను, ఆపై నెలా వస్తాను. నా ఆదివారాల సంగతి ఇకమీదట నాతోనే మాట్లాడండి." ఫోను సంచిలో వేసుకుని, సురేశ్ భాయ్ చేతిలో కాగితం తీసుకుని చదివింది. రెండు పడవల పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒకదాని పక్కన టిక్కు పెట్టి కాగితం భర్తకి అందించింది.

"చిన్నది," అన్నాడతను కాగితం చూసి, అర్థం కాక. "ఇందులో ఐదు సీట్లే నళినీ."

"అవునండీ. మీరు ఐదుగురే కదా."