మంచులో మోసినవాడు

మా ఆయన ఇంగ్వార్‌కి పొద్దున కాఫీతో పాటు చచ్చినవాళ్ళు కావాలి. పేపరు రాగానే మిగతా పేజీలన్నీ నా మీదకి విసిరేసి, ఆ రోజు పూడ్చిపెట్టబోయేవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ రాసినవి ముందేసుకు కూర్చునేవాడు.

"వీడు మంచివాడట! వింటున్నావా వాల్దిస్? నా వలలు కోసుకుపోయిన దొంగ వెధవ. పోగానే దేవుడైపోయాడు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ ఇదే భజన. అలాంటివాడికి పాంక్రియాస్‌లో కేన్సర్ వచ్చింది. ఈసారి గొర్రెలు ఈనేదాకా ఉండడని అకురేరి పట్నంలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఇంగ్వార్ ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. కారెక్కాక మాత్రం, "నా గురించి మీరేం రాస్తారో నేను వినాలి. చచ్చాక అచ్చేస్తే నాకేం లాభం?" అన్నాడు.

ఇలాంటి కోరిక మా రేవులో ఎవరూ కోరలేదు. నాకు సిగ్గేసింది. అయినా ఆదివారం మధ్యాహ్నం పాన్‌కేకులు పోసి పంచదార చల్లి అందర్నీ పిలిచాను. అందరూ అంటే ముగ్గురే. అతని పడవ మీద పనిచేస్తూనే జుట్టు నెరిసిన గీస్లి, అతని తమ్ముడు కోల్బెయిన్, రాజధాని నుంచి వచ్చిన మా ఒక్కగానొక్క కూతురు హ్రెఫ్నా.

ముందు గీస్లి చదివాడు. తుఫాను కూడా ఇంగ్వార్‌ని చూసి దారి మళ్ళేదని రాసుకొచ్చాడు. జబ్బుకి పచ్చబడిపోయిన ఇంగ్వార్ మొహంలో ఎంత వెలుగో! కోల్బెయిన్ ఏమీ రాసుకురాలేదు.

"వాడికి సంతకమే వంకరగా వస్తుంది, పాపం, వదిలెయ్యండి," అన్నాడు ఇంగ్వార్. కోల్బెయిన్ కూడా అందరితో పాటు నవ్వాడు. అన్న ఏమన్నా నవ్వడమే వాడికి తెలుసు.

తర్వాత హ్రెఫ్నా కాగితం విప్పింది.

దానికి ఏడేళ్ళప్పుడు గొంతు వాచి ఊపిరాడలేదు. మంచుకి రోడ్డు మూసుకుపోయింది. కనుమ దాటితే గానీ డాక్టరు లేడు. నాన్న తనని వీపుకి కట్టుకుని ఆ గాలిలో నడిచాడని రాసింది. "దారంతా నాన్న చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నన్ను వదిలిపోకు తల్లీ అని బతిమాలాడు. మళ్ళీ ఎన్నడూ నాతో అంత ప్రేమగా మాట్లాడలేదు. నాకు ఆ ఒక్కసారి చాలు."

నా కళ్ళు నిండిపోయాయి. ఆ పిల్ల తండ్రి దగ్గర తిట్లు తప్ప ఇంకేం తిని పెరగలేదు. ఆ ఒక్క రోజునే పట్టుకుని ఇంతకాలం అతణ్ణి ప్రేమిస్తూ వచ్చింది.

ఆ గీస్లి పీనుగ పకపకా నవ్వాడు. "నువ్వా? వెక్కివెక్కి ఏడ్చావా కెప్టెన్?"

ఇంగ్వార్ మొహంలో వెలుగు ఆరిపోయింది.

"అది నేను కాదు," అన్నాడు. "కోల్బెయిన్. నేనప్పుడు సముద్రం మీదున్నాను."

"ఏం కూస్తున్నావ్?" అన్నాను. "నా శాలువాతో పిల్లని నీ వీపుకి కట్టింది నేను!"

"దీనికి మతి పోతోంది. మీరే అడగండి వాణ్ణి. ఏరా, మోసింది నువ్వే కదూ?"

ఆ రోజు కోల్బెయిన్ ఒళ్ళు తెలీకుండా తాగి పడవ షెడ్డులో పడున్నాడు. ఇప్పుడు అన్న వంక చూశాడు, ప్లేటు వంక చూశాడు. "ఆఁ, నేనే," అన్నాడు.

"కానీ నాన్నా, నీ గొంతు నాకు గుర్తుంది," అంది హ్రెఫ్నా.

"మా ఇద్దరి గొంతూ ఒకటే. అప్పుడు నీకు ఒళ్ళు కాలిపోతోంది, వాడి మొహానికి ఉన్ని గుడ్డ. నీకేం తెలుస్తుంది? కొట్టెయ్ అది. మీ నాన్న దేనికీ జంకలేదని రాయి."

అది పెన్ను అడిగి తీసుకుని ఆ మాటలు కొట్టేసింది.

అందరూ వెళ్ళాక మంచం పక్కన నిలబడి అడిగాను. "ఎందుకలా చేశావ్?"

"గీస్లిగాడి నవ్వు విన్నావుగా. పేపర్లో పడితే రేవంతా అలాగే నవ్వుతుంది."

"దానికి మిగిలింది అదొక్కటే."

"నేను పోయాక దానికి ఏం మిగిలితే నాకేం?"

ఆ సాయంత్రం కూడా అతనికి ఒళ్ళు తుడిచాను, మార్ఫిన్ ఇచ్చాను, దిండు సర్దాను. ఆ దిండు అతని మొహం మీద పెట్టెయ్యాలనిపించింది. అతని మీద ప్రేమ చావనందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండానే పోయాడు. పోయినవాడు ఇక నా మాటకి అడ్డం రాలేడు కదా అనుకున్నాను. మంచులో అతని ఏడుపుతో సహా ఆ రోజు జరిగిందంతా నేను రాశాను. పేపరుకి పంపమని హ్రెఫ్నాకి ఇచ్చాను. మా ఇంట్లో కంప్యూటరు పనులు దానివే.

పూడ్చిపెట్టే రోజు పొద్దున పేపరు తెరిచాను. నేను రాసినదాంట్లో మా పెళ్ళి ఉంది, పడవ ఉంది, మంచు లేదు. దాని కింద కోల్బెయిన్‌ది. ఎవరిచేత రాయించుకున్నాడో! అన్నయ్య సముద్రం మీదున్న రోజున అతని బిడ్డని కాపాడే భాగ్యం నాకు దక్కింది, అని ఉంది.

చర్చి హాల్లో అందరూ కాఫీల దగ్గరుండగా హ్రెఫ్నాని పక్కకి లాగాను. "నేను రాసింది ఏమైంది?"

"తీసేశానమ్మా."

"అది నిజమే!"

"నన్ను ఓదార్చడానికి ఊరందరి ముందూ అబద్ధమాడొద్దు. పొగడ్త కోసం అంతమందిని పిలిపించుకున్న మనిషమ్మా ఆయన. తనది కాకపోతేనే కదా వద్దంటాడు?"

పరాయి వాళ్ళకి కూడా అది సబబుగానే తోచే మాట. హ్రెఫ్నా నన్ను వదిలి కోల్బెయిన్ దగ్గరికి వెళ్ళింది. వాడు రొయ్యలు పెట్టిన బ్రెడ్ కేకు తింటున్నాడు.

"బాబాయ్, ఆ రోజు దారిలో ఇంకా ఏం జరిగింది? అన్నీ చెప్పు."

వాడు మూతి తుడుచుకుని, నన్ను చూసి చూపు తిప్పేశాడు. "ఏముంది తల్లీ... నువ్వు భయపడకుండా పాటలు పాడాను."

ఇంగ్వార్ జన్మలో పాడలేదు. హ్రెఫ్నా ఎక్కడో ఏదో వింటున్నట్టు కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వింది.

"అవును బాబాయ్, పాడావు. ఇప్పుడు గుర్తొస్తోంది."