అడుగు వరుస

సోఫియా నగరంలో మనిషి పోతే వీధి తలుపుకి కాగితం అంటించాలి. నలభయ్యో రోజుకొకటి, ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి. ఫొటో, పేరు, అడుగున ఎవరెవరు దుఃఖిస్తున్నారో వాళ్ల పేర్లు. ఆ అడుగు వరుస దగ్గరే నెవెనా పాపం మూటగట్టుకుంది.

అన్నయ్య లాచెజార్ నలభయ్యో రోజు కాగితంలో దుఃఖించేది ‘చెల్లెలు నెవెనా’ ఒక్కతే. పదకొండేళ్లు అతనితో కాపురం చేసి, ఆఖరి మూడు నెలలూ మంచం మీంచి ఎత్తి దించిన కాలినా పేరు లేదు. పెళ్లాడని మనిషికి ఏడ్చే హక్కెక్కడిది అని నెవెనా వాదన. వాదనా పాడా, ఒట్టి అక్కసు. అన్నయ్యని తనకి కాకుండా చేసిందని కడుపుమంట. ఆ కాగితాన్ని తెల్లారకముందే కాలినా ఇంటి తలుపుకే అంటించి దొంగలా పారిపోయింది. అప్పట్నించీ అన్నం సయించలేదు. అయినా బుద్ధి వచ్చిందా? ఇవాళ ఆరు నెలలు. సంచిలో ఉన్న కొత్త కాగితంలోనూ ఒక్క పేరే.

యాత్రికులకి ఊరు చూపించడం నెవెనా బతుకుతెరువు. ఇవాళ విదిన్ అనే ఊరి నుంచి పన్నెండుమంది పింఛనుదార్లు దిగారు. పొద్దున్నించీ నడక. బంగారు గుమ్మటాల గుడి అయింది, పసుపు రాళ్ల వీధి అయింది, వేడినీళ్ల ఊట దగ్గర సీసాలు నింపుకోవడమూ అయింది. వాళ్లలో పేనా అవ్వకి ఎనభయ్యేళ్లు. గుడుల కంటే తలుపుల మీది కాగితాలే ఆవిడకి ముద్దు.

“అవ్వా, రాజుగారి భవనం ఇటు!”

“మీ రాజు పోయి ఎన్నేళ్లయిందో! ఈయన మొన్ననే పోయాడు, చదవనీ.”

అందరూ పగలబడి నవ్వారు. నెవెనాకి మాత్రం నవ్వు రాలేదు.

బజారు దాటాక కాలినా ఉండే సందు. “పది నిమిషాలు కూర్చోండి, కాళ్లు నొప్పెడుతుంటాయి,” అని వాళ్లని అరుగు మీద కూర్చోబెట్టి నెవెనా కాగితం తీసింది. అవ్వ కూర్చుంటేగా! వెనకే వచ్చి తొంగిచూసి చదివేసింది.

“మీ అన్నా? అయ్యో తల్లీ! పెళ్లీ పెటాకులూ లేవా పాపం? జబ్బుపడితే ఎవరు చూశారు?”

“ఉంది ఒకావిడ.”

“ఉంటే ఇందులో ఏదీ?”

“పెళ్లి చేసుకోలేదు అవ్వా.”

“బాగుంది సంబడం! ఏడవడానిక్కూడా మీ ఊళ్లో రిజిస్ట్రారు సంతకం కావాలా అమ్మాయ్?”

నెవెనా ముఖం మాడిపోయింది. విసవిసా తలుపు దగ్గరికి నడిచింది. అక్కడ అప్పటికే ఒక కాగితం ఉంది. తనెప్పుడూ చూడని ఫొటో, చిక్కుడుకాయలు ఒలుస్తూ పకపకా నవ్వుతున్న అన్నయ్య. అడుగున రెండు పేర్లు. ‘చెల్లెలు నెవెనా, కాలినా.’ తన పేరే ముందు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. సిగ్గుతో చచ్చిపోయింది. కాగితం సంచిలో కుక్కేద్దామనుకునేలోపే తలుపు తెరుచుకుంది.

“తెచ్చావా? ఇలా ఇవ్వు,” అంది కాలినా.

“వద్దు, ఇది... అచ్చు సరిగ్గా రాలేదు.”

కాలినా ఆ కాగితాన్ని నెవెనా చేతిలోంచి లాక్కుంది. పైనుంచి కిందిదాకా చదివింది. అడుగు వరుస దగ్గర కాసేపు ఆగింది.

“ఫొటో బాగుంది,” అంది. నెవెనా చేతిలోని టేపు తనే తీసుకుని, నాలుగు మూలలూ శ్రద్ధగా అద్ది, తన కాగితం పక్కనే అంటించింది.

“తీసెయ్ వదినా,” అంది నెవెనా. పదకొండేళ్లలో అలా పిలవడం అదే మొదలు. “నీకు దణ్ణం పెడతాను, తీసెయ్.”

“ఉండనీ. ఆయనకి నువ్వంటే ప్రాణం.” కాలినా లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

నెవెనా తన కాగితం చింపెయ్యాలని గోరు పెట్టింది. టేపు పట్టు వదల్లేదు, అరచేతికి అన్నయ్య ముఖం తగిలింది. చింపాలంటే ఆ ముఖమే చిరుగుతుంది. చెయ్యి రాలేదు. ఎండకీ వానకీ అదంతటది ఊడిపోయేదాకా, దార్న పోయే ప్రతివాడూ రెండూ చదువుకుంటాడు.