గుర్రం వేసిన కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. కొంచెం సొట్ట ఉన్న మాట నిజమే గానీ, కంచమని కించపరచకండి. నా అంచు మీద గుర్రం ఉంది. మీ ఇంట్లో ఏ కంచానికైనా ఉందా?

పుట్టినప్పుడు లేదు. మిషను కింద ఒక్క నొక్కు నొక్కితే రేకు కాస్తా కంచమైంది. నాతోపాటు పుట్టినవాళ్లు ఆరొందల మంది, అందరిదీ ఒకటే మొహం. తణుకు బజారులో పాత్రల కొట్టుకి చేరాం. అక్కడికి గుర్రం పేరమ్మగారు వచ్చి నన్ను ఎంచుకున్నారు. గుర్రం ఇంటిపేరు, పేరమ్మ ఒంటిపేరు.

"ఏం కొట్టమంటారమ్మా?" అన్నాడు పేర్లు కొట్టే ముసలాయన.

"గుర్రం అని వెయ్యి నాయనా, పక్కన పేరమ్మ."

పక్కనెవరో బిందె మీద టకటకలాడిస్తున్నారు. ఆ మోతలో 'అని' కాస్తా కొట్టుకుపోయింది. మా ముసలాయనకి 'గుర్రం వెయ్యి' అని వినపడింది. వేశాడు! నాలుగు కాళ్లూ, జూలూ, తోకా, చుక్కలు చుక్కలుగా. పక్కన 'పేరమ్మ'.

"ఇదేంటయ్యా?"

"గుర్రమండి. కావాలంటే పేరు చెరిపేస్తాను గానీ, గుర్రం మాత్రం కదలదు."

పేరమ్మగారు పడీ పడీ నవ్వి, నన్ను చంకన పెట్టుకుని వెళ్లారు. అన్ని దెబ్బలు తిన్నాక గానీ నాకు పేరు రాలేదని నేనూ సరిపెట్టుకున్నాను.

పన్నెండేళ్లు నాలో తిని ఆవిడ వెళ్లిపోయారు. మరుసటేడు కొడుక్కి ఆడపిల్ల పుడితే ఆవిడ పేరే పెట్టారు. పెట్టారు సరే, పిలిచేదెవరు? కోడలు వరహాలు అత్తగారి పేరు నోటితో అనదు. పోయినా అత్తగారు అత్తగారే కదా! బారసాల నాడు పెట్టిన పేరుని పట్టుచీరలాగా మడిచి లోపల పెట్టేసి, పిల్లని 'బుల్లి' అన్నారు. ఊరంతా బుల్లే అంది.

బుల్లికి ఐదేళ్లు నిండాయి. జూన్లో వాళ్ల నాన్న ఒకటో తరగతిలో చేర్పించి, లారీ డ్రైవరు కదా, లారీ ఎక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్న భోజనానికని నేనూ సంచిలో బడికి బయల్దేరాను. బుల్లీ అనే పిలిచే పాత టీచరు బదిలీ అయి, ఆగస్టులో హైమావతి టీచరు కొత్తగా వచ్చారు. రోజూ హాజరు పట్టీ తీసి "గుర్రం పేరమ్మ!" అని పిలిచేవారు. ఎవరూ పలికేవారు కారు. ఆ పేరమ్మ ఎవరా అని బుల్లి కూడా వెనక్కి తిరిగి చూసేది! సంచిలో నేను గింజుకునేవాణ్ణి. ఎవరో ఒకరు కొట్టందే మోగలేను, అదీ నా బతుకు.

ఒకరోజు టీచరు పేర్ల పాఠం చెప్పారు.

"మీరంతా ఎవరర్రా?"

"పిల్లలం!"

"అది అందరిదీ. ఒక్కొక్కళ్లకీ సొంత పేరుంటుంది. అలాగే ఊరు అంటే ఏ ఊరైనా. మన ఊరికి మాత్రం దాని పేరు దానిదే. ఏదీ, లేచి మీ మీ పేర్లు చెప్పండి."

అందరూ చెప్పారు. మా బుల్లి వంతు వచ్చింది.

"బుల్లండి."

టీచరు పట్టీ అంతా వెతికారు. బుల్లి లేదు. "ఎవరి వెనకాలో వచ్చి కూర్చున్నట్టున్నావు. రేపు మీ అమ్మని తీసుకురా. లేకపోతే అంగన్‌వాడీకి పంపించేస్తాను."

ఆ పూట బుల్లి నాలో ఒక్క ముద్ద తినలేదు. అప్పుడే 'అ' నుంచి 'ఋ' దాకా వచ్చింది పాపం. మళ్లీ పాలపిండి బళ్లోకా?

మర్నాడు భోజనాల వేళకి వరహాలు వచ్చింది.

"పిల్ల పేరేంటమ్మా?"

"బుల్లండి."

"పట్టీలో పేరు?"

వరహాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మా అత్తగారిదండి."

"ఏది?"

"పేరండి. పెద్దావిడ పేరు నోటితో ఎలా అంటామండీ?"

"చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? పిల్లని పంపించెయ్యాలి మరి!"

బుల్లి కళ్లల్లో నీళ్లు. వరహాలు అటూ ఇటూ చూసి, పిల్ల చేతిలోంచి నన్ను లాక్కుంది. కొంగుతో తుడిచింది. నా అంచు టీచరు మొహానికి ఆనించినంత పని చేసింది.

"గుర్రం బొమ్మ... పేరమ్మ..." టీచరు చటుక్కున పట్టీ తెరిచారు. "గుర్రం పేరమ్మ! మూడు వారాలుగా రాలేదని రాస్తున్నాను. నా ఎదురుగానే కూర్చుందా!"

"ఆయ్!" అంది వరహాలు, ఆ పేరు నోట అనకుండానే.

"టీచర్, గుర్రమెందుకండీ?" అన్నారు పిల్లలు నా చుట్టూ మూగి.

పేరు కొట్టే ఆయన వినికిడి సంగతి, అత్తగారు చెప్పినట్టే, వరహాలు అందరికీ చెప్పింది. "ఇది మేత మేసే గుర్రం కాదర్రా, మా ఇంటిపేరు!"

టీచరు నవ్వాపుకుని పట్టీ ఎత్తారు. "గుర్రం పేరమ్మ!"

బుల్లి అమ్మ వంక చూసింది. అమ్మ తలూపింది. పిల్ల వేలు నా చుక్కల మీద నడిచి, 'మ్మ' దగ్గర ఆగింది.

"ఉన్నానండీ!"

బడంతా వినపడింది. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

ఇప్పటికీ ఇంట్లో బుల్లే. ఎవరైనా పిల్ల అసలు పేరడిగితే మాత్రం వరహాలు నన్ను తెచ్చి చూపిస్తుంది. ఆవిడ నోరు మెదపలేని చోట నేను నోరు చేసుకుంటాను. ఒక కంచానికి ఇంతకన్నా పేరేం కావాలి?