కుంకుడు రసంలో యాపనూనె

ముందుగా మన్నించండి. పెనిమిటి పోయాకే నేను అక్షరాలు దిద్దాను. ఒత్తులు తప్పుతాయి, మాట మాటకీ చేయి ఆగుతుంది. అయినా పశువులకు వైద్యం చేసే ఆరాధన పనితనం కళ్ళారా చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

లక్సెట్టిపేట పక్కన మా పాత ఊళ్ళో కొమురవ్వ బర్రె ఈనింది. పొదుగు చుట్టూ గోమార్లు గుత్తులుగా పట్టుకుని రక్తం పీలుస్తున్నాయి. దుడ్డె మూతి పెడితే చాలు, నొప్పికి తల్లి తన్నేది. పాలందక దుడ్డె డొక్కలు లోపలికి పోయాయి. దుకాణంలో మందు ఉంది. కానీ దుడ్డె నోరు పెట్టే చోట విషం పూయడానికి కొమురవ్వకు మనసొప్పలేదు.

యాపనూనె నీళ్ళలో పోసి, మందు కొట్టే పంపుతో తానే బర్రె మీద చల్లింది. పంపులోంచి ముందు ఉత్త నీళ్ళు వచ్చాయి. పైన తేలిన నూనంతా చివర్లో ఒక్కచోటే పడి తొడ దగ్గర తోలు కమిలింది. గోమార్లు మాత్రం కదల్లేదు.

ఇక ఊరి పశుమిత్ర ఆరాధనను పిలవక తప్పలేదు. ఆమె వచ్చీ రాగానే కుంకుడుకాయలు నానబెట్టి పిసుకుతుంటే కొమురవ్వ మూతి తిప్పింది.

"ఏందే బిడ్డా, నా బర్రెకు తలంటు పోస్తవా? సాంబ్రాణి పొగ గూడ పెడ్తవా?"

"పెడ్త పెద్దమ్మా. ముందుగాల నీ కవ్వం ఇయ్యి."

ఆరాధన కుంకుడు రసంలో నూనె పోసి చిలుకుతోంది. నీళ్ళు సన్నగా పోయడం కొమురవ్వ వంతు. దుడ్డె అరుపు విని ఆగలేక ఆమె చెంబెడూ గుమ్మరించింది. నూనె విడిపోయి పైకి తేలింది.

"అయ్యో, పాడు జేస్తిని!"

"ఫికర్ జెయ్యకు, మల్ల చిలుకుదం. నువ్వు బతుకమ్మ పాట అందుకో. పాట అయ్యేదాక ధార తెగొద్దు."

"చర్చికి పోయేదానివి, బతుకమ్మ పాటతోని నీకేం పనే?"

"నాకు గాదు, నీ చేతికి."

కొమురవ్వ నవ్వి పాట ఎత్తుకుంది. చేయి పాట వెంట నడిచింది. గిన్నెలోది పాలలా తెల్లబడింది. గ్లాసు నీళ్ళలో చుక్క వేస్తే నూనె తేలలేదు. ఆరాధన ముందు చెవి వెనుక కొంచెం పూసి, తోలు కమలదని చూసుకున్నాకే పొదుగు చుట్టూ గుడ్డతో అద్దింది.

తెల్లారేసరికి గోమార్లు వడలి రాలుతున్నాయి. మర్నాడు మరోసారి అద్దాక పొదుగు తేటపడింది. దుడ్డె తల దూర్చి చప్పరిస్తుంటే బర్రె కాలెత్తకుండా నెమరు వేస్తూ నిలబడింది. కొమురవ్వ ఆరాధన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత గొంతు సవరించుకుని అడిగింది:

"మరి సాంబ్రాణి ఎప్పుడు పెడ్తవే?"

ఎలీసబెతు, అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది జమ్మికుంటలో.