హవల్దారుకు తీసిన తరుగు

తిరుమలేష్ వడ్ల వ్యాపారి. సూర్యాపేటలో ఇల్లు, మార్కెట్ యార్డు పక్కన కమీషన్ దుకాణం, మిర్యాలగూడలో రైస్ మిల్లు. కుప్పలోంచి పిడికెడు గింజలు తీసి, నాలుగు పంటి కింద వేసుకుని కొరికితే తేమ ఎంతుందో చెప్పేస్తాడు. తేమ ఎక్కువగా ఉంటే తరుగు తీస్తాడు, అంటే తూకంలో కొంత తగ్గించి లెక్క కడతాడు. రైతులు తిడతారు, ఆయన పడతాడు. అయితే ఒకే తేమ ఉన్న రెండు కుప్పలకు రెండు రకాల తరుగు మాత్రం ఎన్నడూ తీయలేదు. సొంత బావమరిది వడ్లు తెచ్చినా సరే. యార్డులో తన మాట చెల్లుతున్నది ఆ ఒక్క పద్ధతి వల్లేనని ఆయనకు తెలుసు.

అలాంటి మనిషికి 2012 ఎండాకాలంలో లైసెన్సుల ఆఫీసులో కడుపు మండింది.

ఆ రోజు ఆయన తన పిస్తోలు లైసెన్సు రెన్యువల్‌కు వెళ్లాడు. అక్కడ బయటి బెంచీ మీద తిరుపతయ్య కూర్చుని ఉన్నాడు. పెన్‌పహాడ్ మండలంలోని ఒక పల్లె అతనిది, గొర్రెలు కాసే ఇల్లు. పదిహేడేళ్లు సైన్యంలో ఉండి హవల్దారుగా రిటైరయ్యాడు. వచ్చిన సొమ్ముతో రెండు గొట్టాల తుపాకి కొనుక్కుని, కోదాడలో ఒక బ్యాంకు గేటు దగ్గర గన్‌మన్‌గా చేరాడు. ఆ బ్యాంకు తుపాకి ఇవ్వదు. సొంత తుపాకీ, దానికి లైసెన్సూ ఉన్నవాడికే ఆ కొలువు. లైసెన్సు పోయిందంటే కొలువు పోయినట్టే.

వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది ఆ గేటు దగ్గరే. ఒకసారి తిరుమలేష్ డబ్బు సంచితో బ్యాంకు మెట్లు దిగుతుంటే ఒకడు కొడవలి పట్టుకుని మీదికొచ్చాడు. తిరుపతయ్య తుపాకి ఎత్తలేదు. సేటు మెడపట్టి లోపలికి గుంజి, షట్టర్ కిందికి లాగేశాడు. వాడు షట్టర్‌ను రెండు తన్ని పారిపోయాడు.

"కాల్చకపోతివేంది హవల్దారు?" అని తిరుమలేష్ అడిగాడు.

"ఎట్ల కాలుస్త సేటూ? ఆని ఎనక సోడా బండి కాడ ఆడోళ్లు నిలవడ్డరు. తగిలితే ఎవ్వలకు తగుల్తదో!"

ఆ భయంతోనే తిరుమలేష్ పిస్తోలు కొన్నాడు. సిఫారసు ఉంది కాబట్టి లైసెన్సు చిటికెలో వచ్చింది. అది ఆనాటి నుంచి బీరువాలో భార్య కస్తూరి పట్టుచీరల కింద పడుకుని ఉంది. దాన్ని తుడవడానికి కూడా తిరుపతయ్యే రావాలి. వచ్చినప్పుడల్లా, "పట్టుచీరలకు మంచి కాపలాదారును పెట్టినవ్ సేటూ" అని నవ్వేవాడు.

ఆఫీసులో సూపరింటెండెంట్ ముందు తిరుమలేష్‌ను పిలిచాడు. కుర్చీ చూపించాడు, చాయ్ చెప్పాడు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "సంతకమైనాక మనిషిని పంపండి సేటు గారూ, మీరెందుకు శ్రమపడడం" అన్నాడు. తర్వాత తిరుపతయ్య వంతు వచ్చింది. అతనికి కుర్చీ లేదు, తిరుమలేష్ కుర్చీ పక్కనే బల్లకు ఆనుకుని నిలబడ్డాడు.

"మిలిటరీ నువ్వు? ఎక్కడో రిటైరైన జవాను ఎవర్నో కాల్చాడట. మీవాళ్లను మనసు సంగతి కూడా అడగమన్నారు పైనుంచి. ఎప్పుడన్నా దానికి వైద్యం చేయించుకున్నావా?"

"చేయించుకున్న సార్."

తిరుమలేష్ బల్ల కింద అతని కాలు తొక్కాడు. లేదంటే పోయేదానికి! యార్డులో వడ్లకు నీళ్లు చల్లి తెచ్చినవాడు కూడా ఎండిన వడ్లే అంటాడు. తిరుపతయ్య కాలు పక్కకు తీసుకుని చెప్పుకుంటూ పోయాడు. "కాశ్మీర్‌ల నా ఎంబడి నడిచే పిలగాడు మందుపాతర మీద కాలేసిండు. తర్వాత నాకు నిద్ర పట్టకపోయేది. మిలిటరీ దవాఖానల కొన్నాళ్లు పెట్టుకుని మందులిచ్చిండ్రు. బాగైంది. మళ్ల డ్యూటీకి పోయిన. హవల్దార్ ప్రమోషన్ గూడ ఆ తర్వాతనే వచ్చింది."

సూపరింటెండెంట్ చివరి రెండు మాటలూ వినలేదు. కలం మొదటి మాట దగ్గరే ఆగింది. "ఎంక్వైరీ రావాలి. మెంటల్ డాక్టర్ సర్టిఫికెట్ తేవాలి. అప్పటిదాకా ఆగుతుంది."

"నా డిశ్చార్జి బుక్కుల షేప్ వన్ అని ఉన్నది సార్. ఒంటికీ మనసుకూ ఏ లోపం లేదన్నట్టు. ఫౌజ్ డాక్టర్లే రాసిండ్రు."

"అది సైన్యం లెక్క. మా లెక్క మాది."

ఎంక్వైరీకి కోదాడ అవతలి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన కానిస్టేబుల్ వెళ్లాడు. ఇంట్లో తిరుపతయ్య భార్య రేణుకమ్మ ఒక్కతే ఉంది. "మీ ఆయన రాత్రుళ్లు బాగా నిద్రపోతాడా అమ్మా?" అని అడిగాడాయన. గొర్రెలు ఈనే కాలం అది. ఆ రోజుల్లో మంద దగ్గర పడుకున్నవాడు ఒళ్లు మరిచి నిద్రపోతే తోడేలుకు పండగే. గంటకోసారి లేచి, మంద చుట్టూ తిరిగి, గొంతెత్తి కేకేస్తాడు. అవతలి మంద నుంచి ఇంకొకడు బదులు కేకేస్తాడు. తిరుపతయ్య తండ్రీ, తాతా అలాగే చేశారు. సెలవు దొరికితే తిరుపతయ్యా చేస్తాడు.

రేణుకమ్మ గర్వంగా చెప్పింది. "ఏడ పంటడు సారూ! రాత్రంత లేసి తిరుగుతనే ఉంటడు. ఆయన కేకేస్తె ఊరవతల దాంక ఇనవడ్తది."

"ఎవర్ని చూసి కేకలేస్తాడు?"

"ఎవ్వలు లేకున్నా ఏస్తడు. అదే గద పని!"

కానిస్టేబుల్ రాసుకుపోయాడు: రాత్రుళ్లు నిద్రపోడు, ఎవరూ లేకపోయినా ఒంటరిగా తిరుగుతూ కేకలు వేస్తాడు, భార్య వాంగ్మూలం.

ఈ మాట తిరుమలేష్‌కు యార్డులోనే తెలిసింది. ఆయన నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది. స్వయంగా ఆఫీసుకు వెళ్లి మంద సంగతి విడమర్చి చెప్పాడు. "రాసింది రాసినట్టే ఉంటుంది సేటు గారూ, కొట్టేయడానికి నేనెవర్ని?" అన్నాడు సూపరింటెండెంట్.

ఇక సర్టిఫికెట్. మనసు డాక్టరు తిరుపతయ్యతో చాలాసేపు మాట్లాడాడు, మందపాటి ప్రశ్నల కాగితం నింపించాడు. "నీకేం లేదయ్యా, నాకంటే నయంగా ఉన్నావు" అన్నాడు.

"గదే రాసియ్యండి సార్."

డాక్టరు కలం మూత పెట్టేశాడు. "నోటితో ఎన్నిసార్లయినా చెబుతా. తుపాకి కోసమని రాసిచ్చి, రేపేదన్నా అయితే నా సంతకం పట్టుకుంటారు."

అక్కడికి ఎవరూ కాదనలేదు. ఎవరూ అవునని రాయలేదు. సైన్యం రైఫిలిచ్చి సరిహద్దుకు పంపిన మనిషికి, బ్యాంకు గేటు దగ్గర నిలబడే అర్హత ఉందని సంతకం పెట్టడానికి ఒక్క చెయ్యి లేవలేదు. పోయిన ఎలక్షన్లప్పుడు అందరూ తుపాకులు స్టేషన్లో జమ చేస్తే, వాటిలో తూటాలు ఉన్నాయో లేవో చూసి పెట్టమని పోలీసులు పిలిచింది ఈ తిరుపతయ్యనే. అప్పుడు అతని మనసు ఎవరికీ గుర్తు రాలేదు. బ్యాంకు మేనేజరు మాత్రం తేల్చి చెప్పాడు. నెలాఖరుకు లైసెన్సు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం.

తిరుమలేష్ ఆ సాయంత్రం భోజనం ముందు కూర్చుని అన్నం కలపకుండా ఆలోచిస్తున్నాడు. కస్తూరి మంచినీళ్లతోపాటు రోజూ ఇచ్చే మాత్ర తెచ్చిపెట్టింది. పోయినేడు మిల్లులో బాయిలరు పేలి ఒక హమాలీకి వీపంతా కాలింది. మనిషి బతికాడు. కానీ కళ్లు మూస్తే తిరుమలేష్‌కు ఆ వీపే కనిపించేది. మిర్యాలగూడ డాక్టరు రాసిన నిద్ర మాత్ర అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

ఆయన ఆ మాత్రను అరచేతిలో వేసుకుని, తేమ చూసే గింజలా చాలాసేపు చూశాడు. తిరుపతయ్య మందు ఎప్పుడో మానేశాడు. తాను ఇంకా మింగుతున్నాడు. తనదే తడి కుప్ప. తరుగు మాత్రం ఎండిన కుప్పకు తీశారు.

తెల్లారి ఆఫీసుకు వెళ్లి సొంత చేతిరాతతో ఒక కాగితం ఇచ్చాడు. నేను నిద్ర మాత్రలు వాడుతున్నాను, డాక్టరు చీటీ జతపరిచాను, నా లైసెన్సు రెన్యువల్ చేస్తారో ఆపుతారో రాతపూర్వకంగా తెలపగలరు.

సూపరింటెండెంట్ చదివి నవ్వాడు. "ఇవన్నీ మాకెందుకు రాస్తారు సేటు గారూ? జేబులో పెట్టుకోండి."

"మీరు అడిగినోడు చెప్పాలె, అడగనోడు చెప్పొద్దా? తీసుకున్నట్టు ముద్రేయండి."

"మీకెందుకొచ్చిన పరేషాన్ చెప్పండి."

"నాకు పరేషాన్ లేదు. ముద్రేయండి."

ముద్ర పడ్డది. ఎంక్వైరీ కూడా పడ్డది. అదే కానిస్టేబుల్ యార్డుకొచ్చి, నలుగురి ముందే, "సేటు గారి మానసిక పరిస్థితి ఎలా ఉందండీ?" అని అడిగి వెళ్లాడు. పొద్దుగూకేలోగా బజారంతా తెలిసిపోయింది. దలాలీ చేసే గోపయ్య దుకాణం మెట్ల కింద నిలబడే పలకరించాడు.

"ఏం లేదు సేటూ, రైతులు అడుగుతుండ్రు. తలకాయ బాగలేదంట గద, తూకం ఎవ్వలు సూస్తరని."

"నీకు ఎవ్వడు చెప్పిండు?"

"అందరు చెప్తుండ్రు. నేనైతే నమ్మలే. అయినా పైసలు జర ఇయ్యాల్నే ఇప్పిస్తె మంచిగుంటది."

రెండు ట్రాక్టర్లు దుకాణం దాకా వచ్చి, పక్క దుకాణానికి మళ్లాయి. కస్తూరి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. "మన మీద మనమే పిచ్చోడని రాసిచ్చుకునే వ్యాపారం ఏడన్న ఉన్నదా? బంగారం దుకాణం కాడ నన్ను చూసి ఎట్ల జాలిపడ్డరో ఎరుకేనా నీకు?"

ఒక చిన్న ప్రశ్న ఖరీదు ఎంతో తిరుమలేష్‌కు ఇప్పుడు తెలిసింది. తిరుపతయ్య ఊళ్లో దీన్ని ఎన్ని రోజుల నుంచి మోస్తున్నాడో!

ఆయన లెక్కలో తప్పిపోని అంకె ఒకటుంది. మిల్లర్లు ఊరుకోరు. తమలో ఒకడిని పిచ్చోడంటే బ్యాంకులు తమకిచ్చే అప్పులూ ఆగుతాయి. ఆయన అడగకుండానే వాళ్లు పైకి ఫోన్లు చేశారు. వారం తిరగకముందే పై అధికారి సంతకంతో కాగితం వచ్చింది: నిద్ర కోసం వైద్యం పొందడం లైసెన్సుకు అడ్డంకి కాదు, రెన్యువల్ చేయవచ్చును.

డాక్టరు సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు.

తిరుమలేష్ ఆ కాగితం తీసుకుని నేరుగా సూపరింటెండెంట్ బల్ల మీద, తిరుపతయ్య ఫైలు పక్కన పెట్టాడు.

"మీ ఆఫీసే రాసింది. ఒకే తేమ, రెండు కుప్పలు. నాకు తరుగు లేదన్నరు. మరి గీయనకు ఎందుకు తీస్తుండ్రు?"

"ఆయనది వేరే కేసండీ. మిలిటరీ..."

"మిలిటరీ అయితే ఎక్కువ తూగాలె గని తక్కువ తూగుతదా? తేడా ఉంటే నా కాగితం లెక్క గిది గూడ రాతల ఇయ్యండి. ఇద్దరివి తీస్కపోయి పై అధికారి ముంగట పెడత."

సూపరింటెండెంట్ రెండు కాగితాలను పదే పదే చూశాడు. తేడా ఫలానా అని రాయడానికి అతని చెయ్యి కూడా లేవలేదు. మర్నాడు తిరుపతయ్య లైసెన్సు మీద ముద్ర పడింది. అయితే అప్పటికి నెల మారిపోయింది.

తిరుమలేష్ ఆ లైసెన్సు పుస్తకం తానే పట్టుకుని పల్లెకు వెళ్లాడు. తిరుపతయ్య దొడ్డిలో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నాడు. మోకాళ్ల మధ్య గొర్రె తల ఇరికించుకుని, సీసా పక్కన పెట్టి, చేయి తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ముద్ర చూశాడు. సంతోషం కనిపించలేదు.

"బ్యాంకుల వేరేటాయనను పెట్టిండ్రు సేటూ. ఆయన గూడ మిలిటరీయే. పోయి కలిసిన. నిద్ర పడ్తున్నదా అన్నా అంటే నవ్విండు. 'ఆఫీసుల అడిగితే మస్తు పడ్తదని చెప్పిన' అన్నడు."

"నా మిల్లుకు రా. మిర్యాలగూడల గేటు కాడ ఉందువు. జీతం బ్యాంకు ఇచ్చినంత ఇస్త."

"వస్త. రాకేం చేస్త?" తిరుపతయ్య గొర్రెను వదిలాడు. అది దగ్గుతూ మందలో కలిసింది. "కని ఒకటి చెప్పు సేటూ. నేను చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒక్కటే. నువ్వు చెప్తే ముద్ర పడ్డది. నేను చెప్తే పిచ్చోన్నైన. పదిహేడేండ్లు కాసింది నేను గద?"

తిరుమలేష్ దొడ్డి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"మొన్న మిలిటరీల నుంచి కొత్తగ దిగిన ఇద్దరు పిలగాండ్లు వచ్చిండ్రు" అన్నాడు తిరుపతయ్య, ఇంకో గొర్రెను పట్టుకుంటూ. "లైసెన్సుకు పోతరంట. ఆఫీసుల ఏం చెప్పాల్నని అడుగుతుండ్రు. ఒకనికి నా లెక్కనే నిద్ర లేదు. ఏం చెప్పమంటవ్?"

లేదని చెప్పమను. ఆ మాట తిరుమలేష్ నాలుక చివరిదాకా వచ్చింది. బజారులో అదే చెల్లే ధర. ఆ రోజు బల్ల కింద తాను తొక్కిన కాలు ఎదురుగా పేడలో ఆని ఉంది.

"ఉన్నదే చెప్పమన్న" అన్నాడు తిరుపతయ్య తనే. "కాకపోతే నీకిచ్చిన కాగితం ఉన్నది గద, నిద్రకు మందు తింటే అడ్డం లేదన్నది? దాని నకలు ఒకటి ఇయ్యి. ఆళ్ల చేతుల పెడత. అడిగితే సూపెడ్తరు."

ఆ కాగితంలో మొదటి వరుసలోనే తిరుమలేష్ పేరు, ఇంటి పేరు, మిల్లు పేరు ఉన్నాయి. ఆ పక్కనే నిద్ర మాత్రలు. అది దిగిన ప్రతి జవాను చేతిలోనూ తిరుగుతుంది. కోదాడ వ్యాపారులు చదువుతారు, మిర్యాలగూడ మిల్లర్లు చదువుతారు. మళ్లిపోయిన ఆ రెండు ట్రాక్టర్లు గుర్తొచ్చాయి. కస్తూరి మొహం గుర్తొచ్చింది. ఎటు తిప్పి కూడినా నష్టమే తేలుతోంది.

"ఒక్కటేం సరిపోతది హవల్దారు?" అన్నాడాయన. "పేటకు పోంగనే నకళ్ల కట్టనే తీపిస్త."