తలుపుకి తగిలించిన ఈల

ఊళ్ళో అందరూ ఆమెను రిజిస్టరక్క అంటారు. కట్టుకున్నవాడిది కూడా అదే పిలుపు! అడవి సంరక్షణ సంఘానికి ఆమె కార్యదర్శి అయి తొమ్మిదేళ్ళు దాటింది. కొండ మీది సర్కారు అడవిని ఊరివాళ్ళే కాచుకోవాలి. బదులుగా ఎండుకట్టెలు, గడ్డి, కలపలో వాటా ఊరివాళ్ళవి. అలా అని పదేళ్ళకు ఒప్పందం రాసుకున్నారు. ఆ పదేళ్ళూ ఈ ఏటితో నిండుతాయి.

కాపలా ఎలాగంటే, ఒక ఇత్తడి ఈల ఉంది. నలభై ఇళ్ళు, రోజుకో ఇల్లు. ఈల ఎవరింట ఉంటే ఆ ఇంటి మనిషి ఆ రోజు అడవంతా తిరగాలి. చీకటి పడేలోపు పక్కింటివాళ్ళకు ఈల చేతికివ్వాలి. చేతికే! గోడ మీద పెట్టకూడదు, పిల్లలతో పంపకూడదు, తలుపుకి తగిలించకూడదు. ఈ నియమం పెట్టిందెవరనుకున్నారు? రిజిస్టరక్కే. తప్పినవాళ్ళను నలుగురిలో కడిగిపారేసేదీ ఆమే. ఇచ్చినవాళ్ళు వచ్చి చెప్పాకే “ఈల చేతికిచ్చారు” అని రిజిస్టరులో రాసేది. అంత నిక్కచ్చి మనిషి.

తన వంతు రోజున మాత్రం ఆ మాట పొద్దున్నే రాసేసేది. కొండ దిగేసరికి కాళ్ళు పీకుతాయి, పెన్ను పట్టుకునే ఓపిక ఉండదు, ఎలాగూ ఇచ్చేదే కదా అని. తొమ్మిదేళ్ళలో ఇవ్వకపోయిందీ లేదు మరి.

ఆ మంగళవారం కూడా అలాగే రాసిపెట్టి కొండెక్కింది. దిగుతుంటే ఫోను. నర్సరీ నుంచి మొక్కల లారీ వచ్చిందట, డ్రైవరు తిరిగి వెళ్ళిపోతానంటున్నాడట. ఆదరాబాదరా వచ్చి పక్కింటి టైలరు తలుపు తట్టింది. లోపల లైటు వెలుగుతోంది.

“తమ్ముడూ! ఓ తమ్ముడూ!”

ఉలుకూ పలుకూ లేదు. పెరట్లో ఉన్నాడు కాబోలు అనుకుంది. అవతల లారీవాడు హారను మీద హారను. ఈల తాడు తలుపు గొళ్ళానికి తగిలించి వెళ్ళిపోయింది. మొక్కలు దింపించేసరికి ఆ సంగతే మర్చిపోయింది.

టైలరు పెరట్లో లేడు. భార్యకు నొప్పులు మొదలైతే లైటు కూడా ఆర్పకుండా, తల్లినీ ఎక్కించుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాడు. బుధవారమంతా ఆ ఇంట్లో మనిషి లేడు, అడవిలో ఈల లేదు. పై వాలులో పదకొండు పాత టేకు చెట్లు మొదలంటా పోయాయి.

గురువారం ఆ మొద్దులు చూశాక రిజిస్టరక్కకు తలుపుకి తగిలించిన ఈల గుర్తొచ్చింది. ఇంటికొచ్చి రిజిస్టరు తెరిస్తే తన ముత్యాల్లాంటి అక్షరాలే కనిపించాయి: ఈల చేతికిచ్చాను. భయం వేసింది. సిగ్గు అంతకంటే ఎక్కువ వేసింది. కొట్టెయ్యడానికి పెన్ను తీసింది, మళ్ళీ మూత పెట్టేసింది.

చెట్లు పోయిన పదకొండో రోజున అటవీశాఖ రేంజరు వచ్చాడు. రేకుల కప్పు సంఘం గదిలో, విత్తనాల బస్తాల పక్కన కుర్చీ వేశారు. ఇళ్ళవాళ్ళంతా గోడల వెంట సర్దుకున్నారు.

“చెట్లు పోవడం ఎక్కడైనా ఉండేదే,” అన్నాడు రేంజరు, రిజిస్టరు మీద వేలితో కొడుతూ. “ఎవరు వంతు తప్పారో వాళ్ళ మీద చర్య తీసుకోండి, ఒప్పందం ఇంకో పదేళ్ళు పొడిగించమని నేనే రాస్తాను. కానీ ఇందులో ఒక్క దొంగరాత దొరికినా ఫైలు వెనక్కి పోతుంది. కొండ వేలానికొస్తుంది. కొనేవాళ్ళు ఇప్పటికే రెండుసార్లు వచ్చి చూసెళ్ళారు.”

“మా రిజిస్టరక్క రాత బ్రహ్మరాత సార్! తిరుగు లేదు,” అన్నాడు సంఘం ప్రెసిడెంటు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది.

రేంజరు టైలరు వైపు తిరిగాడు. “మంగళవారం సాయంత్రం ఈల నీ చేతికందిందా?”

టైలరు కళ్ళు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. చొక్కా నిండా దారప్పోగులు. అతను ఆమె వంక చూశాడు.

“అందింది సార్,” అన్నాడు. “ఆసుపత్రి హడావిడిలో కాపలాకి వెళ్ళలేకపోయా. ఇంకొకళ్ళకి చెబుదామని కూడా తోచలేదు.”

పాపం, ఆ కంగారులో ఏం జరిగిందో గుర్తున్నట్టు లేదు అనుకుంది ఆమె. అలా అనుకోవడమే ఆమెకు కావలసింది. నోరు విప్పితే నలభై ఇళ్ళ అడవి పోతుంది, అది నిజం. తన పరువూ పోతుంది, అదీ నిజమే. మొదటి నిజం వెనకాల రెండోదాన్ని దాచుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. టైలరు ఇంటిని రెండేళ్ళపాటు సంఘం నుంచి తీసేశారు. కట్టె లేదు, గడ్డి లేదు, వాటా లేదు. ఆ తీర్మానం రాసింది కూడా ఆమే. చెయ్యి వణకలేదు. అందుకు తర్వాత చాలా రోజులు తన చేతి మీద తనకే అసహ్యం వేసింది.

ఒప్పందం పొడిగించారు. ఊరంతా సంబరం.

టైలరు తల్లి రెండు మేకల్లో ఒకదాన్ని అమ్మేసింది. పసిపిల్లకు నీళ్ళు కాచడానికి వాళ్ళు పాత చెక్కపెట్టె పగలగొడుతుంటే ఆ చప్పుడు రిజిస్టరక్క వంటింట్లోకి వినిపించేది. ఆగలేక ఒక కట్టెల మోపు వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర పెట్టించింది. తెల్లారేసరికి మోపు తిరిగి తన గుమ్మంలో ఉంది. ఇంకోటి పెట్టించింది. అదీ వచ్చేసింది.

“ఏమిటీ, మన కట్టెలు రోజూ వాళ్ళింటిదాకా షికారుకెళ్ళి వస్తున్నాయా?” అన్నాడు మొగుడు.

“మీరు ఊరుకోండి!” అని కసిరి, లోపలికెళ్ళి ఏడ్చింది.

తిరిగి తిరిగి ఈల మళ్ళీ ఆమె ఇంటికి వచ్చింది. ఇప్పుడు ముప్పై తొమ్మిది ఇళ్ళే. సాయంత్రం ఈల పట్టుకుని, టైలరు గుమ్మం దాటి ఆ పై ఇంటికి, పాలామె ఇంటికి వెళ్ళాలి. రెండేళ్ళంటే ఎన్నిసార్లో ముందే లెక్కేసుకుంది. పద్దెనిమిది. తల దించుకుని గబగబా నడిచింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మిషను చప్పుడు ఆగింది.

“అక్కా, పాలామె ఇంట్లో లేదు. ఈసారైనా తలుపుకి తగిలించి వెళ్ళకు.”

ఆమె కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. “నీకు... తెలుసా తమ్ముడూ?”

“గురువారం పొద్దున గొళ్ళెం నుంచి తీసింది నేనే కదక్కా.”

“మరి ఆ రోజు అందిందన్నావేం?”

“అందలేదంటే నీ రాత అబద్ధమయ్యేది, కొండ పోయేది. రెండేళ్ళంటే ఎలాగో ఈడ్చుకొస్తాం. కొండే పోతే?” దారం పంటితో తెంపాడు. “మీటింగయ్యాక వస్తావనుకున్నా. తప్పు నాదిరా తమ్ముడూ అని ఒక్క మాట. తలుపేసుకుని చెప్పినా చాలేది. నువ్వు కట్టెలు పంపావు.”

“క్షమించరా,” అంది ఆమె.

“ఇప్పుడా అక్కా?” అని అతను మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

వెళ్ళిపోవడానికి లేదు. పాలామె వచ్చేదాకా ఈల చేతిలోనే ఉండాలి. వీధిలో నిలబడిపోయింది. మాటలు విని లోపలి నుంచి టైలరు భార్య పిల్లనెత్తుకుని వచ్చింది.

“అయ్యో, నిలబడ్డారేం వదినా, కూర్చోండి,” అని పీట వేసింది. “మా మీద మీకు కోపం ఉంటుందిలెండి. అంత మంచి చెట్లు! అంతా మా ఆయన మతిమరుపు వల్ల వచ్చింది. ఎన్నిసార్లో మీ ఇంటికొచ్చి క్షమాపణ అడుగుదామన్నాను. ఈయనే వద్దంటాడు.”

ఇంట్లో మనిషికి కూడా చెప్పలేదు! రిజిస్టరక్క పీట మీద కూర్చోలేదు. పసిపిల్ల ఈల తాడు పట్టుకుని లాగుతోంది. పక్కన మిషను గడగడా నడుస్తోంది. ఇప్పుడు కూడా ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు.

“మీ ఆయన ఏదీ మర్చిపోలేదమ్మా,” అంది. “మర్చిపోయింది నేను.”

మిషను ఆగిపోయింది.