మొదటి పేరు

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కృప తన మార్కులు కూడుకుంటోంది. వనపర్తిలో ఒకే కాలేజీలో ఆమె, భర్త ప్రేమ్ కుమార్ ఇద్దరూ లెక్చరర్లు. ఏడాదికోసారి ఎవరి పనికి వాళ్లే మార్కులు వేసుకుని ఇవ్వాలి, ప్రమోషన్ వాటి మీదే. చదువు మానేస్తానన్న పిల్లను బతిమాలి తెచ్చుకున్నందుకు ఆ ఫారంలో గడి లేదు. అచ్చయిన వ్యాసానికి ఉంది, అందులోనూ మొదటి పేరుకే పెద్ద వాటా.

"గింత తక్కువనా?" అన్నాడు ప్రేమ్ పోయినేడు, స్టాఫ్ రూములో, అందరూ వింటుండగా. నవ్వాడు కూడా. ఆయన వ్యాసాలన్నీ ఈ వంటింట్లో, పొయ్యి మీద కూర ఉడుకుతుండగా ఆమె రాసిచ్చినవే. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది. నలుగురిలో మొగుణ్ని చిన్నబుచ్చిన ఆడది అనిపించుకోవడం కంటే, చేతకానిదనిపించుకోవడమే నయమనుకుంది.

ఈసారి ఆ తలవంపులు లేవు. ఆమె విద్యార్థిని పావని, కూలికి వలసపోయే తల్లి పెంటమ్మ వెంట తిరిగి, తోటి ఆడవాళ్ల కష్టం విని ఒక వ్యాసం రాసింది. కృప తప్పులు దిద్దింది, అంతే. దిద్ది తన పేరు ముందు పెట్టుకుంది. గైడు పేరు ముందుండడం కాలేజీలో ఆనవాయితీ, ఎవరూ తప్పనుకోరు.

పత్రికవాళ్లు వేసుకుంటామన్నారు, ఆఖరి ప్రతి మీద ఇద్దరూ సంతకాలు చేసి పంపాలి. అందుకే ఆ మధ్యాహ్నం పావని తన ఊరు లింగాల నుంచి బస్సెక్కి కృప ఇంటికి వచ్చింది. తన పేరు రెండోదిగా కనబడితే దాని మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. తర్వాత తనే సర్దుకుంది.

"గంతే గద మేడం. మీరు లేకుంటె నాదెవ్వరేస్తరు?"

కృపకు చెవులు వేడెక్కాయి. పెళ్లయిన కొత్తలో ప్రేమ్‌తో తను అన్నదీ ఇదే మాట, ఇదే గొంతుతో. ఇన్నాళ్లూ మనసులో ఆయన్ని దొంగ అనుకుంది. ఇప్పుడు తనూ అదే పని చేసి, సొమ్ము పోగొట్టుకున్న పిల్లకు చాయ్ పోస్తోంది. సిగ్గుతో ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.

కాగితం తీసుకుని తన పేరు కొట్టేసింది. పావని కంగారుపడి వద్దంది. గదిలోంచి వచ్చిన ప్రేమ్ చూసి, ఈ ఒక్కటీ పోతే మళ్లీ అందరికంటే కిందుంటావని గొణిగాడు.

"రేపు స్టాఫ్ మీటింగుల నీ మార్కులెందుకు తక్కువని అడిగితే ఏం చెప్తవ్?"

"పావనిది నేనెట్ల తీసుకోబోయిన్నో ముందు చెప్త," అంది కృప. "తర్వాత, నావి నువ్వెట్ల తీసుకున్నవో చెప్త."